తప్పులకు వెఱచువారి శాస్త్రము

మన విద్యావంతుల గృహములలోను, పాఠశాలలలోను, విదేశభాషలు నేర్పుటకు వీధివీధినా వెలసిన శిక్షణాలయములలోను ఒక సిద్ధాంతము ఎవరి ప్రశ్నకును గుఱికాక చెల్లుబాటగుచున్నది. దానికి ఎవరును పేరు పెట్టలేదు. దానిని గ్రంథస్థము చేసి సమర్థించినవారును కనబడరు. అయినను ఆచరణలో దానిని మీఱువారు అరుదు. ఆ సిద్ధాంతమేమనగా, ఏ విద్యయందైనను ముందు అర్హత, పిమ్మట అనుభవము. స్పానిషు నేర్వదలచినవాడు క్రియారూపముల పట్టికలన్నియు కంఠస్థము చేసి, లింగవచనములలో పొరపడని స్థితికి వచ్చి, ఆ మీదటనే నోరు విప్పవలెను. చదువరి కాదగిన బాలుడు గుణింతములు, కఠినపదములకు అర్థములు, ఖాళీలు పూరించుటలు, నీతివాక్యములు అన్నియు ముగించి, పరీక్షలో మార్కులు తెచ్చుకొని, ఇంకను ప్రొద్దు మిగిలినచో కథలపుస్తకము ముట్టవలెను. మాటాడుటలోని ఉల్లాసమును, చదువుటలోని రుచిని ఈ సిద్ధాంతులు శ్రమకు చివర దొరకు బహుమానముగా ఎంతురే కాని, ఆ శ్రమను మోయించు బలము అదియే యని ఎఱుగరు. ఈ సిద్ధాంతము మూలముననే తప్పు. ఇది భాషను నేర్పుట లేదు, చదువరులను పుట్టించుట లేదు. మౌనులను మాత్రము పుట్టించుచున్నది.

స్పానిషు సంభాషణకును పిల్లల పఠనమునకును ఏమి పొత్తని అడుగువారు టెక్సాసులోనో, కాలిఫోర్నియాలోనో కాపురమున్న ఏ తెలుగు ఇంటికైనను ఒక సాయంకాలము పోయి చూడవచ్చును. అక్కడి ఉన్నతపాఠశాలలలో విదేశభాషగా అత్యధికులు చదువునది స్పానిషే కనుక పెద్దపిల్ల భోజనాల బల్లకు ఒక చివర కూర్చుండి క్రియల పట్టికలు వల్లించుచుండును. రెండవ చివర చిన్నవాడు ఒక పుస్తకము ముందుంచుకొని, ఎన్ని పుటలైనవో లెక్కవ్రాయుచుండును. ఇంటిముందు గడ్డి కోయుటకు వచ్చిన మెక్సికో దేశస్థునితో ఆ పిల్ల ఒక్కమాట పలుకదు. పుటల లెక్క పూర్తియైన మఱుక్షణమే వాడు పుస్తకము మూసివేయును. రోగములు రెండుగా కనబడుచున్నను నిదానము ఒక్కటియే. హైదరాబాదులో ఉద్యోగము నిమిత్తము స్పానిషు తరగతులకు పోవు యువకుల అవస్థయు, మన పాఠశాలలలో బీరువాలకు తాళములు వేసిన గ్రంథాలయముల అవస్థయు ఇంతకంటె మేలుగా లేవు.

ముందు స్పానిషు సంగతి చూతము.

వ్యాకరణము చేతికి రానిదే సంభాషణము తగదనువారు తాము శాస్త్రీయమార్గమున నడచుచున్నామని నమ్ముదురు. ఈ మార్గము ఎక్కడనుండి వచ్చినదో విచారించినచో ఆ గౌరవము నిలువదు. ఐరోపాలో లాటిను భాష మాటాడువారు లేని భాషయైన పిదప, దానిని పుస్తకములనుండి పుస్తకములలోనికి అనువదించుటకు నేర్పిన పద్ధతి ఇది. ఎదుటివాడు బదులు పలుకడు కనుక వినుట అక్కఱలేకపోయెను. తొందరపెట్టువాడు లేడు కనుక నిదానముగా పట్టిక వెదకి ప్రత్యయము అతికించుకొనుటకు వ్యవధి చిక్కెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆ పద్ధతినే సజీవభాషలపై రుద్దిరి. 1882లో విల్‌హెల్మ్ ఫియెటర్ అను జర్మను పండితుడు మాఱుపేరు పెట్టుకొని, భాషాబోధనము వెనుకకు మరలి క్రొత్తదారి పట్టవలెనని ఒక కరపత్రము ప్రకటించెను. ఆ కరపత్రము వెలువడి నూటనలువదియేండ్లు దాటినవి. నేటికిని మన శిక్షణాలయములలో మొదటి మాసమంతయు పట్టికలతోనే గడచుచున్నది. సంస్కృతపదరూపముల పట్టికయగు శబ్దమంజరి చేతబట్టిన మన తాతలను గూర్చి కొందఱు ఇచట గుర్తుచేయుదురు. ఆ తాతలు శబ్దమంజరితోపాటు ప్రతిదినము గురువుగారి నోట శ్లోకములు, సంధ్యావందనములు, వాదోపవాదములు వినుచు పెరిగిరి. వారి చెవి నిండిన పిదపనే పట్టికకు ప్రాణము వచ్చినది. మనము పట్టికను మాత్రము తెచ్చుకొని చెవిని విడిచితిమి.

ఇక స్పానిషు చరిత్రయే ఈ సిద్ధాంతమును పరిహసించును. ఆ భాషకు తొలి వ్యాకరణమును ఆంతోనియో దె నెబ్రిహా రచించి, 1492లో సాలమాంకాలో ముద్రింపించి, ఇసబెల్లా రాణికి అంకితమిచ్చెను. అంతకు కొన్ని శతాబ్దములకు పూర్వమే కస్తీలియా దేశమున గొఱ్ఱెలకాపరులు బేరములాడిరి, తల్లులు జోలపాడిరి, కవులు వీరగాథలు గానము చేసిరి. వారిలో ఏ ఒక్కడును నెబ్రిహా పండితుడు పుట్టునంతవఱకు నోరు మూసికొని యుండవలెనని అనుకొనలేదు. ఆయనయు అట్టి కోరిక కోరలేదు. ఉన్న వాడుకను చూచి సూత్రములు కట్టినాడు. వాడుక ముందును సూత్రము వెనుకను నడచిన ఈ క్రమమును తలక్రిందులు చేసి, దానికి క్రమశిక్షణమని పేరు పెట్టుట మన ఘనత.

తప్పును గూర్చిన భయమే ఈ సిద్ధాంతమునకు గుండెకాయ. తప్పనగా అజ్ఞానమునకు గుర్తు, నాలుకకు పట్టు మైల, వెంటనే కడుగవలసినది అని వీరి భావము. స్పెయినులోని మూడేండ్ల బిడ్డ ‘నాకు తెలియును’ అనుటకు ‘సే’ అనవలసినచోట ‘సాబో’ అనును. ఈ రూపము ఆ బిడ్డ ఎవరి నోటను విన్నది కాదు. తాను విన్న వేయిక్రియలనుండి ఒక నియమమును తానే ఊహించి, ఆ నియమమునకు లొంగని క్రియకు గూడ దానిని వర్తింపజేసినది. అది తప్పు నిజమే కాని, వ్యాకరణజ్ఞానము లేకపోవుటవలన కలిగినది కాదు, ఉండుటవలననే కలిగినది. 1967లో పిట్ కోర్డర్ అను భాషాశాస్త్రజ్ఞుడు విద్యార్థుల తప్పుల ప్రాముఖ్యమును గూర్చి వ్రాసిన వ్యాసమున ఈ తత్త్వమునే విశదీకరించెను: తప్పు అనునది నేర్చుకొనువాని మనస్సులో ఏ నియమము రూపుదిద్దుకొనుచున్నదో ఉపాధ్యాయునికి చూపు కిటికీ వంటిది. ఆ కిటికీని మూయించి, లోపలి చీకటికి విద్యార్థినే నిందించువారిని ఏమందుము?

ఆ ‘సాబో’ అను మాటకే అమెరికాలో ఇంకొక విషాదకథ కలదు. స్పానిషు మాటాడు కుటుంబములలో పుట్టి, ఆంగ్లమున చదువుకొని, ఇంటిభాషను తడబడుచు పలుకు పిల్లలను వారి బంధువులే ‘నో సాబో’ పిల్లలని ఎకసక్కెము చేయుదురు. పరిహాసమునకు జడిసి ఆ పిల్లలు ఉన్న నాలుగుమాటలును మానుకొని పూర్తిగా ఆంగ్లమున దాగికొందురు. ఈ వాక్యమున స్పానిషు తీసి తెలుగు పెట్టి చదువుకొన్నచో, వేసవి సెలవులకు గుంటూరునకో కరీంనగరమునకో వచ్చి, అమ్మమ్మ ఎదుట ఒక్కమాట తప్పుపలికి, చుట్టములందఱు ఫక్కున నవ్వగా మఱి నోరు తెఱవని మన పిల్లల కథ అగును. ఆ నవ్వినవారికి ఎవరికిని దురుద్దేశము లేదు. భాషను రక్షించుచున్నామనియే వారి నమ్మకము!

మన నేలమీదనే దీనికి ప్రతిగా నిలువగల మహోదాహరణము ఉండగా పరదేశపు పండితులను ఆశ్రయింపనేల? గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్నపుడు కొండలలోని సవరల భాష నేర్వదలచిరి. ఆ భాషకు లిపి లేదు, నేర్పు పుస్తకము లేదు, వల్లించుటకు పట్టిక లేదు. మన సిద్ధాంతుల లెక్క ప్రకారము ఆయన ఏనాడును ఆరంభింపనే కూడదు. ఆయన సవరభాష తెలిసినవానిని ఇంట నుంచుకొని, వాని పలుకులు చెవికెక్కించుకొని, సవరలతో మాటాడుచు, తాను తప్పుపలుకగా వారు సరిదిద్దుచుండ, దశాబ్దముల పరిశ్రమ చేసి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. తెలుగులో వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని ఇట్టి గ్రాంథికచ్ఛాయ గల వాక్యములలో కొనియాడుట ఆయన ఆత్మకు ఎంతవఱకు సమ్మతమో చెప్పజాలను. వాదమునందు మాత్రము నేను ఆయన పక్షముననే యున్నాను.

స్పానిషు విషయమున తెలుగువానికి నోరు మూసికొనుటకు ఇతరులకంటెను తక్కువ కారణము కలదని గూడ చెప్పవలసియున్నది. ఆ భాషలో అచ్చులు ఐదే. అ, ఎ, ఇ, ఒ, ఉ అని మన బడిపిల్లవాడు పలుకునట్లే, జీరలు లేక, సాగదీతలు లేక, తేటగా పలుకవలెను. అందలి తకారదకారములు మనవలెనే పంటిమీదనుండి వచ్చును. పకారకకారములకు ఆంగ్లమునందువలె గాలి తోడుకాదు. ‘పేరో’ అనగా ‘కాని’ అని అర్థము. రేఫను నొక్కి దొర్లించి ‘పెఱ్ఱో’ అన్నచో కుక్క యగును. ఆంగ్లేయుడు మాసములు శ్రమించు ఈ భేదమును ‘గుఱ్ఱము’, ‘బుఱ్ఱ’ అను మాటలను నిండుగా పలుకు మన పల్లెటూరి రైతు తొలినాడే పట్టుకొనగలడు. క్రియ చివరనే కర్త తెలియుటచేత ‘వచ్చితిని’ అన్నపుడు మనము ‘నేను’ అనకున్నను చెల్లునట్లు, స్పానిషువాడును సర్వనామమును సులువుగా విడిచివేయును. స్నేహితుని ‘తూ’ అనియు, పెద్దవారిని ‘ఉస్తేద్’ అనియు సంబోధించు మర్యాద ‘నువ్వు’, ‘మీరు’ అని పెరిగినవానికి ఎవరు నేర్పవలెను? కాఫీ ఇష్టమని చెప్పుటకు వారు ‘మే గుస్తా ఎల్ కఫే’ అందురు. కాఫీ కర్త, ఇష్టపడువాడు ‘నాకు’ అను స్థానమున నిలుచును. తలనొప్పి వచ్చినను అంతే. ఈ వాక్యనిర్మాణమును ఆంగ్లము మీదుగా బోధించు తరగతులలో ఒక విపరీతముగా, అపవాదముగా వివరించి, పలకమీద బాణపుగుర్తులు గీసి, తెలుగుపిల్లలచేత గూడ తలలు గోకికొనజేయుదురు. మన ఇంటిలోనున్న వస్తువును పొరుగింటివాని దూరదర్శినితో చూపించుట యన్నమాట.

కష్టములు లేవని కాదు. బల్లకు స్త్రీలింగము, పుస్తకమునకు పుంలింగము ఏల వచ్చినవో మన బుద్ధికి అందదు. ‘ఉండుట’కు ‘సేర్’, ‘ఎస్తార్’ అని రెండు క్రియలుండుట చాలకాలము చీకాకు పెట్టును. సందేహమును, కోరికను తెలుపు క్రియారూపములు ఇంకను దుర్ఘటములు. అయితే ఇవి మాటాడినకొలది తెలియు కష్టములేగాని, మాటాడకముందు తీర్చుకొనదగిన కష్టములు కావు. కాఫీ పుంలింగమని మఱచి ‘లా కఫే’ అని అడిగినవానికి మెక్సికోలో ఏ అంగడివాడును టీ ఇచ్చి పంపడు. కాఫీయే యిచ్చును, ఇచ్చుచు ‘ఎల్ కఫే’ అని తాను సరిగా పలుకును. ఆ ఒక్కపలుకు, కప్పు చేతిలోనుండగా చెవిని బడినది, పట్టికలోని పదునైదు పలుకులకంటె గట్టిగా నిలుచును.

ఆరంభకుల సంభాషణాభ్యాసము ఎట్లుండవలెనో తెలియనందువలననే దానికి భయపడుచున్నారని నాకొక అనుమానము. మొదటి పాఠమున ‘కలము బల్లమీద నున్నది’ అను వాక్యముండును. కలము బల్లమీద నున్నదని ఏ మనుష్యుడు ఏ మనుష్యునితో చెప్పవలసివచ్చును? ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుండనిండు. ఒకరు కూరగాయల అంగడి పెట్టుకొందురు, ఒకరు కొనవత్తురు. ‘కువాంతో కువెస్తా?’ అని ధర అడుగవలెను. అంగడివాడు వేగముగా ఏదో చెప్పును. అప్పుడు కావలసినవి నాలుగే మాటలు: ‘నో ఎంతియెందో’ అనగా అర్థము కాలేదని, ‘మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్’ అనగా కొంచెము మెల్లగా, దయచేసి యని, ‘ఓత్రా వెస్’ అనగా మఱియొకసారి యని, ‘కోమో సె దీసె’ అని వస్తువును వ్రేలితో చూపినచో దానిని ఏమందురని. ఈ నాలుగును చేతనున్నవాడు ఎక్కడ పడినను లేవగలడు, ఎదుటివానినే గురువుగా చేసికొనగలడు. వీనిని మొదటిదినమున నేర్పు పాఠ్యపుస్తకము నాకు కనబడలేదు. మనవారి పుస్తకములు తెలియదని చెప్పుటను నేర్పవు. తెలిసినంతవఱకే మాటాడుటను నేర్పును.

ఇక ప్రతిపక్షమువారి పెద్ద ఆక్షేపణమునకు వత్తము. తప్పుగా మాటాడుటకు అలవాటుపడినచో ఆ తప్పులు గడ్డకట్టి, ఎన్నటికిని కరగవని వారందురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఇరువదియేండ్లు పరదేశమున వ్యాపారము చేసియు అవే పది తప్పులు చేయువారిని మనమందఱము ఎఱుగుదుము. అయితే వారు తొందరపడి మాటాడుటచేత అట్లయిరా? తమ పనికి చాలినంత మాట వచ్చిన పిదప వినుట మానిరి, చదువుట అసలే యెఱుగరు, అందుచేత అట్లయిరి. గడ్డకట్టిన తప్పునకు మందు మౌనము కాదు, ఇంకను ఎక్కువగా వినుట, ఇంకను ఎక్కువగా చదువుట. వ్యాకరణము వలదని నేననుట లేదు. అవసరము పుట్టిన పిదప వ్యాకరణము చెప్పవలెను. ‘నిన్న పోయితిని’ అని చెప్పబోయి చెప్పలేక తడుముకొన్నవాడు భూతకాలపు పట్టికను తానే అడిగి పుచ్చుకొనును.

చదువు అనుమాట వచ్చినది కనుక బాలుర సంగతికి వత్తము. పరదేశభాషలో పెద్దవారిపై జరుగుచున్నది చిన్న అన్యాయము. పెద్దవాడు విసిగి తరగతి మాని వేఱొక పనిలో పడును. బాలుడు మానుటకు వీలులేదు. వానిమీద ఈ సిద్ధాంతము పండ్రెండేండ్లు నిరాఘాటముగా ప్రయోగింపబడును.

ఒక దృశ్యము. తల్లి యొడిలో కూర్చుండి ఆఱేండ్ల పిల్ల కథలపుస్తకము చూచుచున్నది. నక్క ద్రాక్షపండ్లకై ఎగురుచున్న బొమ్మయొద్ద పిల్ల ఆగి, ఆ నక్క తోకను వ్రేలితో తడవి, ‘దీనికి ఇల్లు ఎక్కడమ్మా?’ అని యడిగినది. తల్లి జవాబు చెప్పలేదు. ‘ఇందులో నీతి యేమి?’ అని తిరిగి అడిగినది. పిల్ల తల్లిముఖము చూచినది, పుస్తకము చూచినది, ఒడిలోనుండి జారి దిగి నీళ్లు త్రాగుటకు పోయినది. ఆ తల్లి నిరపరాధిని. కథకు ఫలము నీతియనియు, నీతి చెప్పలేని బిడ్డకు కథ అర్థము కాలేదనియు ఆమెకు మనమే నేర్పితిమి. నక్క ఇల్లెక్కడనున్నదో అడిగిన క్షణమున ఆ పిల్ల ఎంత గొప్ప చదువరియై యుండెనో ఆమెకు ఎవరు చెప్పవలెను?

పాఠశాలలలో ఇంకను చిత్రము. గ్రంథాలయపు గంట అని పట్టికలో వ్రాసియుండును. ఆ గంటలో గణితోపాధ్యాయుడు మిగిలిపోయిన లెక్కలు చేయించును. పుస్తకములు బీరువాలో నుండును. అద్దము వెనుక వాని వెన్నులు కనబడుచుండును. తాళముచెవి కార్యాలయమున నుండును. పుస్తకము పోయినచో సంజాయిషీ చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు కనుక, పుస్తకము చదువబడకున్నచో సంజాయిషీ అడుగువాడు లేడు కనుక, తాళము తెఱవకుండుటయే వివేకమగుచున్నది. దీనిని నేను ఉపాధ్యాయుల దోషముగా చెప్పుట లేదు. ఆస్తుల చిట్టాలో పుస్తకమును వస్తువుగా మాత్రమే ఎంచు పాలనాపద్ధతి దోషమిది.

ఇట్టి మొఱటుతనమునకు సిగ్గుపడు ఆధునికులు కొందఱు బెత్తమును విడిచి బహుమానమును పట్టుకొనిరి. పుస్తకమునకొక నక్షత్రము, పది నక్షత్రములకొక చాక్లెట్టు, ఫోనులోని భాషాభ్యాసములకు గూడ ఎడతెగని దినముల లెక్కలు, పతకములు. ఇది ఆనందమార్గమని వారి భ్రమ. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు శిశువిద్యాలయమున మూడు మొదలు ఐదేండ్లలోపు పిల్లలపై చేసిన పరిశోధన వారు చదువదగినది. బొమ్మలు గీయుట ఇష్టపడు పిల్లలలో కొందఱికి, గీసినచో యోగ్యతాపత్రమిత్తుమని ముందే చెప్పిరి; కొందఱికి చెప్పకయే తరువాత ఇచ్చిరి; కొందఱికి ఏమియు ఇయ్యలేదు. కొన్ని దినములైన పిదప రంగుకలములు మరల ముందుంచి, ఎవరికి ఇష్టమైనచో వారు గీయుడని విడిచిపెట్టగా, ముందుగా బహుమానము ఒప్పుకొని గీసిన పిల్లలే తక్కినవారికంటె చాల తక్కువసేపు గీసిరి. ఆటయైనదానిని కూలిగా మార్చినచో కూలి ఆగినప్పుడు పని ఆగును. పుటలు లెక్కించు ఆ చిన్నవాడు లెక్క పూర్తికాగానే పుస్తకము మూయుట సోమరితనము కాదు. మనము చేసికొన్న ఒప్పందమును వాడు న్యాయముగా నెఱవేర్చుచున్నాడు.

‘ఇష్టము వచ్చినది చదువుమన్నచో చెత్తయే చదువుదురు’ అనునది తరువాతి ఆక్షేపణము. ఇది చాల పురాతనము. స్పానిషు నవలాకారుడు సెర్వాంతెస్ 1605లో ప్రకటించిన దోన్ కిహోతె మొదటి భాగమున, కథానాయకుడు నిద్రపోవుచుండగా ఊరి పాదిరియు మంగలియు కలిసి ఆయన పుస్తకములను పరీక్షించి, బుద్ధి చెఱచునవని పెరటిలోనికి గిరాటువేయింతురు. ఇంతవఱకు మన తల్లిదండ్రులు సంతోషింతురు. అయితే అక్కడి చమత్కారము వేఱు. కొన్ని పుస్తకములు చేతికి వచ్చునప్పటికి పాదిరి, ‘ఇది మాత్రము ఉండనిండు’ అని ప్రక్కన పెట్టించును; ‘తిరాంతె’ అను వీరకథను చూడగానే కేక వేసి పొగడి, ఇంటికి తీసికొనిపోయి చదువుమని మంగలికి అప్పగించును. దండన విధించువాడు ఆ చెత్తనంతటిని ఆసాంతము చదివి ఆనందించినవాడే! మన ఇండ్లలో చందమామను కాలక్షేపమని లాగికొన్న తండ్రులలో ఎందఱు ఆ పత్రికనే తలగడక్రింద దాచుకొని పెరిగినవారు కారు? అదే గ్రంథమున ఒక పూటకూటియింటి యజమాని, కోతలకాలమున పండుగదినములలో కూలీలు గుమిగూడగా, చదువు వచ్చినవాడు ఒకడు పుస్తకము పుచ్చుకొని చదువునని, ముప్పదిమందికి పైగా చుట్టును కూర్చుండి విని మైమఱతుమని చెప్పును. ఆ కోతగాండ్లకు నీతిప్రశ్నలు ఎవరును వేయలేదు. వారికి వినిపించిన కథలు గొప్పవియును కావు. వారున్న దేశమే ఆ గ్రంథమును కన్నది.

రుచి అనునది చెత్తలోనుండియే మేలును ఏరుకొనుటచే పుట్టును. మేలైనవి నూఱు ఏర్చి యిచ్చి, ఇవి తప్ప ముట్టవలదన్నచో ఏరుట యెట్లో బాలునికి తెలియదు. వాడు సగములో విడిచిపెట్టుటకును, చదివినదే పదిమార్లు చదువుటకును, బొమ్మలు మాత్రము చూచి త్రిప్పివేయుటకును స్వేచ్ఛ నీయవలెను. పెద్దవారలమైన మనము ఈ స్వేచ్ఛలన్నియు ప్రతిదినము అనుభవించుచునే యున్నాము.

ఇది గాలిమాటలతో కూడిన ఉదారవాదము కాదు. దేశములు ఆచరించి చూచినవి. మెక్సికోలో విప్లవానంతరము 1921లో విద్యామంత్రి యైన హొసె వాస్కోన్సెలోస్, దేశమున అక్షరము రానివారే అధికముగా నుండగా, ప్రాచీనమహాగ్రంథములను వేలకొలది ప్రతులు అచ్చువేయించెను. పిల్లలకై ప్రత్యేకముగా కథాసంకలనములు 1924 మొదలుకొని వెలువడినవి. ముందు అక్షరాస్యత, తరువాత సాహిత్యము అని ఆయనను పరిహసించిన వివేకులు ఆనాడును లేకపోలేదు. ఆ ప్రయత్నమునకు తోడ్పడుటకు ఆయన 1922లో చిలీనుండి రప్పించిన ఒకప్పటి పల్లెటూరి ఉపాధ్యాయినియే గాబ్రియేలా మిస్త్రాల్. పిల్లలు చేయి చేయి పట్టుకొని తిరుగుచు పాడుకొను పాటలు వ్రాసిన ఆమెకు 1945లో నోబెల్ బహుమానము లభించెను. స్పెయినులో 1931లో ఏర్పడిన బోధనయాత్రాసంఘము, వృద్ధుడైన మనువేల్ కొస్సీయో నాయకత్వమున, త్రోవ సరిగాలేని కొండగ్రామములకు నూఱేసి పుస్తకముల పెట్టెలు చేర్చెను. అంతర్యుద్ధము వచ్చులోపల అట్టివి ఐదువేలకు పైగా పంచిరి. కొలంబియాలో లూయిస్ సోరియానో అను బడిపంతులు రెండు గాడిదలపై పుస్తకములు వేసికొని మారుమూలపల్లెలు తిరిగెను. ఒకదాని పేరు ఆల్ఫా, రెండవదాని పేరు బేతో. రెండును కలిపి పలికినచో స్పానిషులో అక్షరమాల యగును. గాడిద వచ్చినదని పరుగెత్తుకొనివచ్చు పిల్లవానికి పఠనాభిరుచి లేదని ఎవడు చెప్పగలడు?

గాడిదలవఱకు పోనక్కఱలేదు. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయమహాసభ జరిపిన జాతి మనది. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువమీద పడవలో గ్రంథాలయమును నడిపించిరి. ప్రయాణికులు ఎక్కి, చదువుకొనుచు పోయి, దిగునపుడు పుస్తకము ఇచ్చివేయుచుండిరి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ను, చక్రపాణి, నాగిరెడ్డిగార్లు 1947లో ‘చందమామ’ను స్థాపించినపుడు పిల్లల మార్కులు పెంచుట వారి సంకల్పము కాదు. ఆ పత్రికలు చదివిన తరము మార్కులలో వెనుకబడినదా? అట్లని వాదించు సాహసికుడు ఇంతవఱకు నాకు తారసపడలేదు.

ఫోనే దీనికంతటికి కారణమని కొందఱి నిర్ణయము. ఫోను శత్రువే కావచ్చును. కాని అది గెలిచినది బలముచేత కాదు, ఎదుట నిలువవలసిన పుస్తకమును మనమే పరీక్షాపత్రముగా మార్చి నిలిపినందువలన. ఈ విషయమున ఇంతకంటె వ్రాయుట వ్యర్థము.

మొదట చెప్పిన ఆ టెక్సాసు ఇంటివంటి ఇండ్లకు నాయొద్ద ఒక ప్రత్యేకసూచన కలదు. స్పానిషు క్రొత్తగా నేర్చుకొను తండ్రికి తగిన పుస్తకము వ్యాకరణము కాదు. నాలుగేండ్ల బిడ్డలకై ఆ భాషలో వ్రాసిన బొమ్మలకథ. పుటకు రెండు వాక్యములు, ప్రక్కన బొమ్మ. తెలియనిమాటకు అర్థము బొమ్మయే చెప్పును. దానిని ఆయన రాత్రి పడకమీద తన పిల్లలకు బిగ్గరగా చదివి వినిపింపవలెను. ఉచ్చారణ తప్పును, బడిలో స్పానిషు చదువు పెద్దకూతురు దిద్దును, చిన్నవాడు నవ్వును. ఆ నవ్వునకు తండ్రి చిన్నబోక మరల చదివినచో, తప్పుపలుకుట అవమానము కాదని, పుస్తకమనగా ప్రశ్నపత్రము కాదని ఆ ఇద్దఱికిని ఏకకాలమున తెలియును. మఱునాడు తెలుగుకథ తెచ్చినచో, దిద్దువాని స్థానమున తండ్రియు, తడబడువారి స్థానమున పిల్లలును ఉందురు. అప్పుడు నవ్వుటకు ఆయనకు మనసొప్పునా?

‘ఇదంతయు బాగుగనే యున్నది గాని, ఏ పుస్తకములు కొనవలెనో ఒక పట్టిక వ్రాసి యిండు’ అని అడుగువారు ఇంతయు చదివిన పిదపను ఉందురని ఎఱుగుదును. పట్టిక లేదు. వారు పిల్లవానిని పుస్తకముల అంగడికి తీసికొనిపోయి, డబ్బు వాని చేతికిచ్చి, తాము వాకిట నిలుచుండవలెను. వాడు లోపల గంటసేపు తడసినను తొందరపెట్టరాదు. చివరకు రాక్షసులబొమ్మలున్న పుస్తకమే పట్టుకొని వచ్చినచో, ఇంటికి పోవు త్రోవలో దానిని గూర్చి ఒక్క ప్రశ్నయు వేయకుండుట వారు చేయవలసిన అభ్యాసము.